క్రిస్మస్ విందుకి పండ్ల క్రంబుల్: విశాఖ వంటింటి నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

క్రంబుల్ అంటే కేకా, ‘పై’ (pie) లాంటిదా?

రెండూ కాదు. కేకుకి గుడ్డో బేకింగ్ పౌడరో కావాలి. పై చేయాలంటే పిండి కలిపి, పొరలా వత్తి, గిన్నెకి పరవాలి. క్రంబుల్‌కి ఆ శ్రమేమీ లేదు. అడుగున పులుపు తగిలే పండ్ల ముక్కలు ఉంటాయి, వాటి మీద మైదా, వెన్న, చక్కెర కలిపి నలిపిన పొడి చల్లుతారు, అంతే. ఓవెన్‌లో పండు మగ్గి చిక్కబడుతుంది, పైపొర బిస్కెట్టులా కరకరలాడుతుంది. ఇది బ్రిటన్‌లో ఇళ్లలో చేసుకునే వంట. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వెన్నా చక్కెరా రేషన్‌లో దొరికే రోజుల్లో, ‘పై’ చేయడానికి పట్టినంత సరుకు దీనికి పట్టదు కాబట్టి అక్కడ బాగా వాడుకలోకి వచ్చింది. గుడ్డు లేదు కాబట్టి విందుకి వచ్చే శాకాహార చుట్టాలకీ నిశ్చింతగా వడ్డించవచ్చు.

ఆరుగురు, ఎనిమిది మందికి కొలతలు చెప్పండి.

20 సెంటీమీటర్ల చదరం, 5 సెంటీమీటర్ల లోతు ఉన్న గాజు గిన్నెకి ఇవి సరిపోతాయి.

పండ్లకి: యాపిల్స్ 1 కిలో (తొక్క, గింజల భాగం తీశాక సుమారు 800 గ్రాములు మిగలాలి), చక్కెర 70 గ్రాములు, ఒక నిమ్మకాయ రసం, కార్న్‌ఫ్లోర్ 1 టేబుల్ స్పూను, దాల్చినచెక్క పొడి అర టీస్పూను.

పైపొరకి: మైదా 150 గ్రాములు, ఓట్స్ 50, చక్కెర 80, చల్లని వెన్న 100, జీడిపప్పు పలుకులు 40 గ్రాములు.

వెన్న 100 గ్రాముల ప్యాకెట్టు ఒకటి సరిగ్గా సరిపోతుంది. అది ఉప్పు వెన్న అయితే వేరే ఉప్పు వద్దు. ఉప్పులేని వెన్న అయితే పావు టీస్పూను ఉప్పు వేయండి; ఉప్పు బొత్తిగా లేకపోతే పైపొర చప్పగా ఉంటుంది. జీడిపప్పు గుళ్లు కొనక్కర్లేదు, పలాస బద్దలు చాలు, ఎలాగూ చితక్కొడతాం. తూచే యంత్రం లేకపోతే, 240 మిల్లీలీటర్ల కప్పుతో తలకొట్టి కొలిచిన మైదా సుమారు 125 గ్రాములు ఉంటుంది. కప్పుని పిండిలో ముంచి, అదిమి తీస్తే 150 దాటిపోతుంది, పైపొర పొడిబారుతుంది.

పైపొర కలపడం ఎలా? ఎక్కడ ఆపాలో తెలియడం లేదు.

క్రంబుల్ బాగా రావడం, రాకపోవడం ఎక్కువగా ఇక్కడే తేలుతుంది, అందుకే కాస్త వివరంగా చెప్తాం.

గవ్వలకో జంతికలకో పిండిలో వెన్న వేసి చేత్తో రుద్దడం మీకు తెలిసే ఉంటుంది. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే రాలిపోవాలి. ఆ గుర్తే ఇక్కడా. తేడా ఏమిటంటే అక్కడ వెన్న కరిగినా పర్వాలేదు, ఇక్కడ కరగకూడదు. అక్కడ తర్వాత నీళ్లు పోస్తాం, ఇక్కడ చుక్క కూడా పోయం.

వెన్నని ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే 1 సెంటీమీటరు ముక్కలుగా కోసి మైదాలో వేయండి. అరచెయ్యి తగలనివ్వకండి, అరచేతి వేడికి వెన్న జారిపోతుంది. బొటనవేలికీ మిగతా వేళ్ల కొసలకీ మధ్య ముక్కని నలిపి, పైకెత్తి, గిన్నెలోకి రాల్చండి. ముందు రేకుల్లా వస్తుంది, తర్వాత బొంబాయి రవ్వలా అవుతుంది, ఆపైన చిన్న చిన్న ఉండలు కడుతుంది. పెసరగింజ నుంచి శనగగింజ దాకా రకరకాల సైజుల ఉండలు కనిపించగానే ఆపేయండి. అన్నీ ఒకే సైజు రావాలని తాపత్రయపడొద్దు. సన్నపొడి పండ్ల రసం పీల్చుకుని కింది భాగాన్ని పట్టి ఉంచుతుంది, పెద్ద ఉండలు పైన కరకరలాడతాయి. రెండూ కావాలి. ఆపాక చక్కెర, ఓట్స్, జీడిపప్పు కలిపి, గిన్నెని 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి.

విశాఖలో డిసెంబరు మధ్యాహ్నం కూడా 28, 29 డిగ్రీలు ఉంటుంది. వెన్న ఆ వేడికే మెత్తబడుతుంది, 32 దాటితే కరగడం మొదలవుతుంది. కాబట్టి ఈ పని పొద్దున్నే ముగించండి, పక్క పొయ్యి మీద బిర్యానీ ఉడుకుతుండగా పెట్టుకోవద్దు. కలుపుతుండగా పిండి వేళ్లకి అంటుకుని మెరుస్తోందంటే వెన్న కరుగుతోందన్నమాట. అక్కడే ఆపి 10 నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టి, మళ్లీ మొదలుపెట్టండి.

ఆ తర్వాత?

ఓవెన్‌ని 180 డిగ్రీలకి వేడెక్కనివ్వండి. యాపిల్‌ని 2 సెంటీమీటర్ల ముక్కలుగా కోయండి. అంతకంటే చిన్నవైతే గుజ్జయిపోతాయి, పెద్దవైతే పైన ఎర్రబడే సమయానికి లోపల పచ్చిగా ఉంటాయి. నిమ్మరసం, చక్కెర, కార్న్‌ఫ్లోర్, దాల్చినచెక్క పొడి కలిపి వెంటనే గిన్నెలో సర్దండి. చక్కెర కలిపి అరగంట వదిలేస్తే పండు నీరు వదిలేస్తుంది. చల్లని పైపొరని వేళ్లతో రాలుస్తూ చల్లండి, అదమకండి. మధ్య రాక్ మీద 40 నుంచి 45 నిమిషాలు.

అయ్యిందో లేదో చెప్పేది గడియారం కాదు, అంచుల దగ్గర లేచే బుడగలు. నీళ్లలా గబగబా చిన్న బుడగలు వస్తుంటే ఇంకా కాలేదు. బెల్లం పాకంలో లేచినట్టు పెద్ద బుడగలు నెమ్మదిగా లేచి, టప్పుమని పగలాలి. కార్న్‌ఫ్లోర్ పూర్తిగా చిక్కబడాలంటే దాదాపు 95 డిగ్రీల వేడి అందాలి, ఆ బుడగే దానికి సాక్ష్యం. పైపొర బంగారు రంగులోకి వచ్చిందని తొందరపడి తీస్తే అడుగున పులుసే మిగులుతుంది.

తీశాక 20 నిమిషాలు కదపకండి. ఆ సమయంలోనే రసం గట్టిపడుతుంది.

విశాఖలో ఏ పండ్లు బాగుంటాయి?

డిసెంబరులో కాశ్మీర్, హిమాచల్ యాపిల్స్ పూర్ణా మార్కెట్‌లోనూ రోడ్డు పక్క బళ్ల మీదా పుష్కలంగా ఉంటాయి. ఎర్రటి డెలిషియస్ రకం తియ్యగా ఉంటుంది, త్వరగా మెత్తబడుతుంది. దానికి నిమ్మరసం తప్పనిసరి, ముక్కలు కొంచెం పెద్దవిగా ఉంచండి. గ్రీన్ యాపిల్ పుల్లగా ఉండి ముక్క నిలబడుతుంది, కానీ ఖరీదు. మా సలహా: మూడు వంతులు ఎర్రవి, ఒక వంతు పచ్చవి. నొక్కితే మెత్తగా, కొరికితే పిండిపిండిగా ఉన్న యాపిల్ వద్దు.

అనాస కూడా క్రంబుల్‌కి బాగా నప్పుతుంది. కానీ నీరు ఎక్కువ. ముక్కల్ని 50 గ్రాముల చక్కెరతో బాణలిలో 8 నుంచి 10 నిమిషాలు మగ్గించి, నీరు సగానికి ఇంకాక, 2 టేబుల్ స్పూన్ల కార్న్‌ఫ్లోర్‌ని కాస్త చల్లటి నీళ్లలో కలిపి పోయండి. దాల్చినచెక్క బదులు దంచిన మిరియాలు పావు టీస్పూను వేసి చూడండి, అరకు మిరియాలైతే ఇంకా మంచిది.

లంబసింగి స్ట్రాబెర్రీలు చలికాలంలో నగరానికి వస్తాయి. అవి ఒక్కటే వేస్తే జావైపోతాయి. యాపిల్ 600 గ్రాములకి స్ట్రాబెర్రీ 300 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ 2 టేబుల్ స్పూన్లు. అప్పుడు రంగుకి రంగు, ముక్కకి ముక్క.

జామ వేయాలంటే గింజల భాగం పూర్తిగా తీసేయాలి, లేకపోతే పంటికి రాళ్లలా తగులుతుంది. అరటిపండు ఒక్కదానితో చేయకండి, ముద్దయిపోతుంది. యాపిల్‌లో ఒక చక్కెరకేళీ కలిపితే మాత్రం కమ్మదనం వస్తుంది. బొప్పాయికి పులుపూ లేదు, వేడి చేస్తే వాసనా బాగుండదు. వేసవి విందుకైతే దోరమాగిన బంగినపల్లి.

సీతాఫలంతో చేయవచ్చా?

వద్దు. సీతాఫలం గుజ్జు వేడి తగిలితే చేదు తిరుగుతుంది. అంత ఇష్టమైతే గింజలు తీసిన గుజ్జుని చల్లటి కస్టర్డ్‌లో కలిపి, యాపిల్ క్రంబుల్ పక్కన వడ్డించండి.

వెన్న బదులు నెయ్యి, చక్కెర బదులు బెల్లం, మైదా బదులు గోధుమపిండి వాడవచ్చా?

మూడూ కుదురుతాయి, కానీ మూడూ ఒకేసారి మార్చకండి. ఏది తేడా చేసిందో తెలియదు.

వెన్నలో సుమారు 16 శాతం నీరు ఉంటుంది, నెయ్యిలో ఉండదు. అందుకే 100 గ్రాముల వెన్నకి 80 గ్రాముల నెయ్యి చాలు. కరిగిన నెయ్యి పోస్తే పిండి తడి ఇసుకలా అయిపోతుంది, ఓవెన్‌లో ఒకే పలకలా గట్టిపడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి గట్టిగా పేరిన నెయ్యే వాడాలి. నీరు లేదు కాబట్టి ఉండలు కట్టడానికి మొండికేస్తుంది. 2 టీస్పూన్ల చల్లటి పాలు చిలకరించండి. రుచి మాత్రం సున్నుండల దగ్గరికి వస్తుంది, ఇంట్లో పెద్దవాళ్లకి వెన్న క్రంబుల్ కంటే ఇదే నచ్చవచ్చు.

అనకాపల్లి బెల్లం మన పక్కనే దొరుకుతున్నప్పుడు వాడాలనిపించడం సహజం. దానిలో తేమ ఉంటుంది, పైగా సముద్రపు గాలికి ఇంకా చెమ్మగిల్లుతుంది. తురిమి, పళ్లెంలో పరిచి, ఫ్యాన్ కింద గంటసేపు ఆరనివ్వండి. 80 గ్రాముల చక్కెర బదులు 55 గ్రాముల బెల్లం తురుము, 25 గ్రాముల చక్కెర. మొత్తం బెల్లమే వేస్తే పైపొర సాగుతుంది. బెల్లం త్వరగా నల్లబడుతుంది కాబట్టి వేడి 170 డిగ్రీలు, సమయం 5 నిమిషాలు ఎక్కువ. పండ్లలో మాత్రం ఎంత బెల్లమైనా ఇబ్బంది లేదు.

గోధుమపిండి సగం, మైదా సగం బాగుంటాయి. పూర్తిగా గోధుమపిండే అయితే 15 గ్రాముల వెన్న ఎక్కువ పడుతుంది. జొన్నపిండి, రాగిపిండి మూడో వంతు దాటితే నోట్లో ఇసుక తగిలినట్టు ఉంటుంది.

ఓటీజీలో (బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్‌లో) ఎలా పెట్టాలి? కన్వెక్షన్ మైక్రోవేవ్ అయితే?

ఓటీజీలో పై రాడ్డు, కింది రాడ్డు రెండూ వేయండి. ముందు 15 నిమిషాలు ఖాళీగా వేడెక్కనివ్వాలి. ఫ్యాన్ ఉంటే 170 చాలు. చిన్న ఓటీజీల్లో డయల్ మీద ఉన్న అంకెకీ లోపలి వేడికీ చాలాసార్లు పొంతన ఉండదు, లోపల పెట్టుకునే థర్మామీటరు ఒకటి కొనుక్కోవడం మేలు.

మైక్రోవేవ్‌లో కన్వెక్షన్ మోడ్ 170, పొట్టి స్టాండు మీద. మామూలు మైక్రోవేవ్ మోడ్‌లో చేస్తే పండు ఉడుకుతుంది, పైన తెల్లటి తడిపిండి మిగులుతుంది. ఆ పనిలో దానికి సామర్థ్యం లేదు.

ఓవెన్ లేదు. కుక్కర్‌లో ఉప్పు పోసి చేయవచ్చా?

కేకుకి పనిచేసే ఆ పద్ధతి దీనికి అంతగా పనికిరాదు. వేడి కింది నుంచి వస్తుంది, మూత కింద ఆవిరి నిలిచిపోతుంది. పైపొరకి కావలసింది పైనుంచి పొడి వేడి.

అంతకంటే విడివిడిగా చేయడం మేలు. మందపాటి బాణలిలో, సన్నని మంట మీద, పైపొర మిశ్రమాన్ని 12 నుంచి 15 నిమిషాలు వేయించండి. మొదటి 3 నిమిషాలు కదపకుండా ఉంచితే ఉండలు నిలుస్తాయి, తర్వాత అట్లకాడతో అడుగు నుంచి మెల్లగా తిరగేస్తూ ఉండాలి. మైదా పచ్చివాసన పోయి బిస్కెట్ల వాసన వచ్చాక, లేత గోధుమరంగులో ఉండగానే దించి వెడల్పాటి పళ్లెంలో పోయండి. బాణలిలోనే వదిలితే ఆ వేడికి మాడుతుంది. వేరే గిన్నెలో యాపిల్ ముక్కలు, చక్కెర, నిమ్మరసం, 3 టేబుల్ స్పూన్ల నీళ్లు వేసి 10 నిమిషాలు మగ్గించి, కార్న్‌ఫ్లోర్ నీళ్లు పోసి చిక్కబరచండి. వడ్డించే ముందే పండు మీద పొడి చల్లాలి. రుచిలో పెద్ద తేడా ఉండదు.

పైపొర మెత్తబడిపోయింది. ఎందుకు?

నాలుగు కారణాల్లో ఒకటి. పండు నీరు ఎక్కువ వదిలింది. పైపొర మరీ మందంగా, 2 సెంటీమీటర్లు దాటి పడింది. వేడిగా ఉండగానే మూత పెట్టారు. లేదా ఉదయం చేసి సాయంత్రం దాకా బల్ల మీద ఉంచారు. మన ఊళ్లో నాలుగోదే ఎక్కువ. అప్పడాలే అరగంటకి మెత్తబడే గాలి ఇది, చక్కెర ఉన్న పైపొర ఎంతసేపు నిలుస్తుంది? 160 డిగ్రీల దగ్గర 12 నుంచి 15 నిమిషాలు మూత లేకుండా మళ్లీ వేడి చేస్తే చాలావరకు తిరిగి కరకరలాడుతుంది.

ఒకే పలకలా, గట్టిగా వచ్చింది.

వెన్న కరిగిపోయింది, లేదా గిన్నెలో చల్లాక చేత్తో అదిమారు. చక్కెర లెక్కకి మించి పడినా ఇంతే, కరిగి గాజులా బిగుసుకుంటుంది.

తింటుంటే పచ్చిపిండి తగులుతోంది.

వెన్న తక్కువైంది, లేదా కింద పిండి పొడిగా మిగిలింది. చల్లే ముందు గిన్నె అడుగున తెల్లపిండి ఉందేమో చూడండి. ఉంటే ఇంకో 10 గ్రాముల చల్లని వెన్న వేసి నలపండి.

పైన మాడింది, లోపల యాపిల్ గట్టిగానే ఉంది.

గిన్నె పై రాడ్డుకి దగ్గరైంది. 25వ నిమిషంలో ఒకసారి చూసి, రంగు ముదురుతుంటే అల్యూమినియం రేకుని వదులుగా పరవండి, బిగించకూడదు. ఎండుద్రాక్ష పైపొరలో వేస్తే ముందు అదే మాడుతుంది, పండ్లలో కలపండి.

క్రిస్మస్ రోజు ఉదయం ఆరాధనకి వెళ్లాలి. ముందురోజే చేసి పెట్టుకోవచ్చా?

పైపొరని వారం ముందే కలిపి, జిప్ కవరులో వేసి ఫ్రీజర్‌లో పెట్టండి, నెలరోజులు ఉంటుంది. కరగనివ్వకుండా గట్టిగా ఉన్నదాన్నే చల్లి, 5 నిమిషాలు ఎక్కువ బేక్ చేయండి. నిజానికి అప్పటికప్పుడు కలిపినదానికంటే ఇదే బాగా వస్తుంది.

పండుని 24 రాత్రి మగ్గించి, చిక్కబరచి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టవచ్చు. రెండింటినీ కలిపి మాత్రం రాత్రంతా ఉంచకండి, పిండి రసం పీల్చేస్తుంది. 25న చర్చి నుంచి వచ్చాక ఓవెన్ ఆన్ చేసి, పండు గిన్నెలో సర్ది, పైపొర చల్లి లోపల పెడితే, మీరు భోజనాలు వడ్డించేసరికి అయిపోతుంది. పండు ముందే ఉడికింది కాబట్టి 30 నిమిషాలు చాలు.

ఒక హెచ్చరిక: ఫ్రిజ్‌లోంచి తీసిన గాజు గిన్నెని నేరుగా వేడి ఓవెన్‌లో పెడితే పగిలే ప్రమాదం ఉంది. పండుని వేరే గిన్నెలో దాచి, బేక్ చేసే గిన్నెని బయటే ఉంచండి.

పదిహేను మందికి?

కొలతలు రెట్టింపు చేయండి, గిన్నె లోతు మాత్రం పెంచకండి. రెండు గిన్నెల్లో చేయండి. ఓటీజీలో రెండు రాక్‌ల మీద ఒకేసారి పెడితే కిందిది ఎర్రబడదు, ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకోవాలి. అల్యూమినియం ట్రే వాడితే పుల్లటి పండుకి లోహపు రుచి వస్తుంది. గాజు, పింగాణీ, స్టీలు మంచివి.

గాజువాక నుంచి మధురవాడలో ఉన్న అక్కయ్య వాళ్లింటికి తీసుకెళ్లాలి.

పూర్తిగా చల్లారాకే కదలండి. పైన పల్చటి నూలుబట్ట కప్పి కట్టండి, ప్లాస్టిక్ మూత వద్దు. అక్కడ ఓవెన్ ఉంటే 12 నిమిషాలు వేడి చేయించండి. లేకపోతే పండు ఒక గిన్నెలో, బాణలిలో వేయించిన పైపొర గాలి చొరని డబ్బాలో పట్టుకెళ్లి అక్కడే చల్లండి.

కరెంటు పోతే?

ఓవెన్ తలుపు తీయకండి. 15, 20 నిమిషాల్లో వస్తే, లోపలి వేడి తిరిగి అందాక మిగిలిన సమయం పూర్తిచేయండి. అంతకు మించితే పైపొర కాస్త మెత్తగా వస్తుంది, తినడానికి ఢోకా లేదు.

దేనితో వడ్డించాలి?

వెనిల్లా ఐస్‌క్రీమ్ తేలిక. సంప్రదాయం మాత్రం వేడి కస్టర్డ్. అర లీటరు పాలకి కస్టర్డ్ పౌడరు 2 టేబుల్ స్పూన్లు, చక్కెర 3. పౌడరుని ముందు పావు కప్పు చల్లటి పాలలో కలిపి, మరిగే పాలలో పోస్తూ తిప్పండి. పచ్చి అనాస ముక్కలు పాల కస్టర్డ్‌లో వేయకండి. దానిలోని బ్రోమెలైన్ అనే ఎంజైము పాల మాంసకృత్తుల్ని విడగొట్టి చేదు చేస్తుంది. ఉడికించిన అనాసకి ఆ గొడవ ఉండదు.

షుగర్ ఉన్నవాళ్లకి?

పండ్లలో చక్కెర పూర్తిగా మానేసినా రుచి చెడదు. పైపొరలో 50 గ్రాముల కంటే తగ్గిస్తే కరకరలాడదు. అయినా మైదా, పండు ఉంటాయి కాబట్టి ఇది షుగర్‌కి పనికొచ్చే వంటకమని మాత్రం చెప్పలేం. చిన్న గరిటెడు వడ్డించండి.

మిగిలితే ఎన్నాళ్లు ఉంటుంది?

బయట ఆ పూటకే. ఫ్రిజ్‌లో మూడు రోజులు. మర్నాడు పొద్దున్న చల్లగా, గట్టి పెరుగు రెండు గరిటెలు వేసుకుని తింటే అదో రకం బాగుంటుంది.